రీడ్ కోరం, రైట్ కోరం సరిగ్గానే ఉన్నా పాత విలువ తిరిగి ఎందుకు కనిపించింది?

ప్రశ్న: గిడ్డంగి_గణకుడు

మా సంస్థ గిడ్డంగుల్లోని సరుకు నిల్వల లెక్కను మూడు కాపీలుగా ఉంచుతున్నాము. ఒకటి హైదరాబాదులోని డేటా సెంటర్లో, రెండవది అదే నగరంలోని ప్రధాన కార్యాలయంలో, మూడవది విజయవాడ శాఖలో ఉన్నాయి. ఒక్కో కాపీకి ఒక్కో ఓటు. రాయడానికి రెండు ఓట్లు (రైట్ కోరం), చదవడానికి రెండు ఓట్లు (రీడ్ కోరం) కావాలని నిర్ణయించాము. రెండూ కలిపితే నాలుగు, మొత్తం ఓట్లు మూడే. కాబట్టి ఏ రెండు కాపీలను అడిగి చదివినా, చివరిసారి రాసిన రెండు కాపీల్లో కనీసం ఒకటి వాటిలో ఉండి తీరుతుందన్న లెక్క మీదనే మా ధైర్యమంతా ఆధారపడి ఉన్నది.

ఈ మధ్య జరిగిన ఒక సంఘటన ఆ ధైర్యాన్ని కదిలించింది. ఒక సరుకు నిల్వ 55 బస్తాలు ఉండగా, 15 బస్తాలు బయటికి పంపినట్లు హైదరాబాదు సిబ్బంది నమోదు చేయబోయారు. తెర మీద టైమ్‌అవుట్, అంటే గడువులోగా జవాబు రాలేదు, అని వచ్చింది. పని జరిగిందో లేదో చూద్దామని అదే తెరను మళ్లీ తెరిస్తే నిల్వ 40 అని కనిపించింది, దానితో నమోదు అయిందని వారు ఊరుకున్నారు. కొద్ది నిమిషాల తరువాత విజయవాడలో మరొకరు అదే సరుకును చూస్తే 55 అని వచ్చింది. సాయంత్రానికి అందరికీ 40 అనే కనిపించింది. మధ్యలో ఎవరూ ఆ సరుకు లెక్కను ముట్టుకోలేదని లాగ్‌లు చెబుతున్నాయి, సర్వర్ల గడియారాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కూడా లేదు. కోరం నియమం తప్పకుండా పాటిస్తున్నప్పుడు, కొత్త విలువ ఒకసారి కనిపించిన తరువాత పాత విలువ మళ్లీ ఎలా కనిపించగలదు?

దీనికి తోడు మరొక సందేహం. విజయవాడకు వెళ్లే లింకు తరచుగా తెగిపోతున్నందువల్ల, డేటా సెంటర్ కాపీకి రెండు ఓట్లు ఇస్తే పని ఆగకుండా ఉంటుందని మా యాజమాన్యం సూచిస్తున్నది. ఓట్లలో ఇలా హెచ్చుతగ్గులు పెట్టడం మంచిదేనా?

సమాధానం: పాత_లాగ్‌ఫైల్

గణకుడు గారూ, మీరు వర్ణించిన సంఘటనలో కోరం నియమం ఎక్కడా తప్పలేదు. మీరు ఆ నియమం నుంచి ఆశించినది, అది నిజంగా ఇచ్చే హామీ కంటే ఎక్కువ. రీడ్ కోరం, రైట్ కోరం ఒకదానితో ఒకటి కలుస్తాయన్న మాట పూర్తయిన రాతకు మాత్రమే వర్తిస్తుంది. రెండు ఓట్లు అందక మధ్యలో ఆగిపోయిన రాత గురించి ఆ లెక్క ఏమీ చెప్పదు.

మీ సంఘటనను అడుగడుగునా తిరిగి కట్టి చూద్దాము. నిల్వ 55 అన్నది ఏడవ వెర్షన్ అనుకోండి, మూడు కాపీల్లోనూ అదే ఉన్నది. 40 అన్న ఎనిమిదవ వెర్షన్‌ను మూడు చోట్లకూ పంపినప్పుడు అది డేటా సెంటర్ కాపీలో మాత్రమే పడింది, మిగిలిన రెండు చోట్లకు పంపిన సందేశాలు దారిలో పోయాయి లేదా ఆలస్యమయ్యాయి. ఒక్క ఓటే వచ్చింది కాబట్టి టైమ్‌అవుట్ అని చెప్పడం న్యాయమే. కానీ ఆ ఒక్క కాపీలో పడిన 40ని ఎవరూ వెనక్కు తీయలేదు. హైదరాబాదు సిబ్బంది తెరను మళ్లీ తెరిచినప్పుడు డేటా సెంటర్, కార్యాలయం కాపీలు జవాబిచ్చాయి. ఎనిమిది, ఏడు వెర్షన్లలో పెద్దది ఎనిమిది కనుక 40 కనిపించింది. విజయవాడవారు చూసినప్పుడు కార్యాలయం, విజయవాడ కాపీలు జవాబిచ్చాయి. రెండింటిలోనూ ఏడవ వెర్షనే ఉన్నందువల్ల 55 వచ్చింది. సాయంత్రంలోగా వెనుక నడిచే సరిదిద్దే ప్రక్రియ ఎనిమిదవ వెర్షన్‌ను మిగిలిన కాపీలకు చేర్చింది. ప్రతి చదువూ రెండు ఓట్లతోనే జరిగింది, అయినా కాలం వెనక్కు నడిచినట్లు కనిపించింది.

ఇక్కడ కొంచెం చరిత్ర అవసరం. కాపీల మధ్య ఓటింగ్ అన్న ఆలోచన 1979లో రెండు వేర్వేరు రూపాల్లో ప్రచురితమైంది. రాబర్ట్ థామస్ మెజారిటీ అంగీకారంతో మార్పులను ఆమోదించే పద్ధతిని చెప్పగా, డేవిడ్ గిఫర్డ్ ఒక్కో కాపీకి వేర్వేరు బరువు గల ఓట్లు ఇచ్చే పద్ధతిని చెప్పారు. నేడు అందరూ అప్పజెప్పే సూత్రం, అంటే చదవడానికి కావలసిన ఓట్లు, రాయడానికి కావలసిన ఓట్లు కలిపితే మొత్తం ఓట్లను మించాలన్నది, గిఫర్డ్ పత్రంలోనిదే. అయితే ఆ పత్రంలో ఓట్లు పోగుచేసేది ట్రాన్సాక్షన్, అంటే పూర్తిగా జరగడమో అసలు జరగకపోవడమో తప్ప మధ్యలో నిలవని పని. రాత మధ్యలో ఆగితే దాని జాడ మిగలకుండా చెరిపివేయడం ట్రాన్సాక్షన్ బాధ్యత. ఆ తరువాతి కాలంలో వచ్చిన అనేక వ్యవస్థలు వేగం కోసం ఓట్ల లెక్కను తీసుకుని, కింద ఉన్న ట్రాన్సాక్షన్‌ను వదిలివేశాయి. మీరు చూసిన లోపం సరిగ్గా ఆ వదిలివేసిన చోట పుట్టినదే. ఓట్ల లెక్కను ఇంటర్వ్యూ ప్రశ్నగా బట్టీ పట్టించేవారు ఈ సంగతి చెప్పకపోవడం నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది.

దీనికి విరుగుడు చదివేవారి వైపు నుంచి చేయవచ్చు. చదివినప్పుడు వచ్చిన జవాబుల్లో తేడా ఉంటే, పెద్ద వెర్షన్‌ను రైట్ కోరం నిండేంతవరకు మిగిలిన కాపీలకు ముందు రాసి, ఆ తరువాతనే విలువను అడిగినవారికి ఇవ్వాలి. అట్టియా, బార్‌నాయ్, డోలెవ్ 1995లో ప్రచురించిన పద్ధతిలో ముఖ్యమైన మెట్టు ఇదే. ఇలా చేసి ఉంటే, హైదరాబాదు తెర మీద 40 కనిపించే లోపల కార్యాలయం కాపీలో కూడా 40 పడి ఉండేది. అప్పుడు విజయవాడవారికి 55 కనిపించే అవకాశమే లేదు. కసాండ్రా అనే డేటాబేస్‌లో 4.0 నుంచి పట్టికలకు ఉన్న రీడ్ రిపేర్ (చదివేటప్పుడే పాత కాపీలను సరిదిద్దడం) ఎంపికను బ్లాకింగ్ అని ఉంచితే, కోరంతో చదివినప్పుడు జరిగేది దాదాపు ఇదే, సహజంగా ఉండే అమరిక కూడా అదే. మీరు వాడే డేటాబేస్‌లో ఇటువంటి అమరిక ఉన్నదా, ఉంటే దానిని ఎవరైనా వేగం కోసం ఆపివేశారా అన్నది మొదట చూడండి.

అయితే దీనితో మీ సమస్య సగమే తీరుతుంది. ఇద్దరు ఉద్యోగులు ఒకేసారి 55 అని చదివి, ఒకరు 15 తీసివేసి 40 అనీ, మరొకరు 5 తీసివేసి 50 అనీ రాస్తే, రెండు రాతలూ తగినన్ని ఓట్లతోనే పూర్తవుతాయి, కానీ ఒకరి జారీ లెక్కలో లేకుండా పోతుంది. చదివి, లెక్క కట్టి, తిరిగి రాసే పనికి విడి చదువులు, విడి రాతల కోరం చాలదు. షరతుతో కూడిన రాత కావాలి, అంటే వెర్షన్ ఇంకా ఏడే అయితేనే దీనిని అంగీకరించు అనగలగాలి. దానికి పాక్సోస్ లేదా రాఫ్ట్ వంటి, సర్వర్లన్నీ ఒకే నిర్ణయానికి వచ్చేటట్లు చేసే ఏకాభిప్రాయ పద్ధతి, లేదా లాక్‌లతో కూడిన నిజమైన ట్రాన్సాక్షన్ అవసరమవుతుంది. సరుకు నిల్వల లెక్కకు నేనైతే ఇంతకు తక్కువ దేనినీ ఒప్పుకోను.

చివరిగా, టైమ్‌అవుట్ అంటే విఫలమైందని మీ సిబ్బందికి అర్థం కాకుండా చూడండి. జరిగిందో లేదో తెలియదు అన్నదే దాని అర్థం. ప్రతి జారీకి ఒక ప్రత్యేక సంఖ్య కేటాయించి, అదే సంఖ్యతో రెండవసారి వచ్చిన అభ్యర్థనను సర్వర్ మళ్లీ లెక్కలో వేయకుండా చేస్తే, సిబ్బంది నిర్భయంగా మళ్లీ నొక్కవచ్చు. లేకపోతే 15 బస్తాలు రెండుసార్లు తీసివేయబడి 25 మిగులుతాయి.

సమాధానం: కొండపల్లి_కోడర్

ఓట్ల బరువు గురించి అడిగిన రెండవ సందేహానికి నేను జవాబిస్తాను. డేటా సెంటర్‌కు రెండు, మిగిలిన వాటికి ఒక్కొక్కటి ఇస్తే మొత్తం ఓట్లు నాలుగవుతాయి. ఒకదాని గురించి మరొకదానికి తెలియకుండా రెండు రాతలు చెరొక వైపు పూర్తి కాకూడదంటే రాయడానికి సగానికి మించి, అంటే మూడు ఓట్లు కావాలి. అప్పుడు చదవడానికి రెండు చాలు. ఇప్పుడు ఏయే కాపీలు కలిస్తే ఏ పని జరుగుతుందో రాసుకుని చూడండి. డేటా సెంటర్ ఒక్కటే ఉన్నా చదవవచ్చు, ఇది నిజమైన లాభమే, హైదరాబాదులో చదవడం వేగవంతమవుతుంది. కానీ కార్యాలయం, విజయవాడ కలిసినా రెండు ఓట్లే కాబట్టి, డేటా సెంటర్ ఆగిన రోజున ఎక్కడా ఒక్క అక్షరం రాయలేరు. ఇప్పుడున్న సమాన ఓట్ల ఏర్పాటులో మూడింటిలో ఏ ఒక్కటి ఆగినా రాతలు నడుస్తాయి.

ఇక మీ యాజమాన్యం భయపడుతున్నది విజయవాడ లింకు తెగడం గురించి. అది తెగినా హైదరాబాదులోని రెండు కాపీలకు మూడింట రెండు ఓట్లు ఇప్పటికే ఉన్నాయి, అక్కడ పని ఆగదు. విజయవాడలో ఆగుతుంది, డేటా సెంటర్‌కు రెండు ఓట్లు ఇచ్చినా అక్కడ ఆగుతుంది. అంటే కోరుకున్న ప్రయోజనం ఇప్పటికే చేతిలో ఉన్నది, ప్రతిపాదించిన మార్పు దానికి ఏమీ చేర్చదు సరికదా, డేటా సెంటర్ మీద అంతా ఆధారపడేటట్లు చేస్తుంది.

బరువుల ఓటింగ్ పనికిరానిదని నా అభిప్రాయం కాదు. ఒక యంత్రం మిగిలిన వాటికంటే స్పష్టంగా నమ్మకమైనదై, చదువులు చాలా ఎక్కువగా, రాతలు తక్కువగా ఉన్న చోట అది బాగా పనిచేస్తుంది. ఓటే లేని కాపీలను కూడా గిఫర్డ్ అనుమతించారు. అవి కోరంలో లెక్కకు రావు, దగ్గరలో ఉండే కాషె (త్వరగా చదవడానికి ఉంచుకునే తాత్కాలిక నకలు) వలె మాత్రమే ఉపయోగపడతాయి. వెర్షన్ నంబరు సరిపోయిందని కోరం నుంచి తెలుసుకుని, బరువైన డేటాను మాత్రం పక్కనున్న ఆ కాపీ నుంచి తీసుకోవచ్చు.

అలాగే ఓట్లను కాపీల లెక్కన కాకుండా అవి ఉన్న చోట్ల లెక్కన ఆలోచించే అలవాటు చేసుకోవాలి. అమెజాన్ వారి అరోరా డేటాబేస్ డేటాను మూడు అవైలబిలిటీ జోన్లలో (ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడిగా నడిచే డేటా సెంటర్ల సముదాయాల్లో) ఒక్కో చోట రెండు చొప్పున ఆరు కాపీలుగా ఉంచి, రాయడానికి నాలుగు, చదవడానికి మూడు ఓట్లు కోరుతుంది. ఒక జోన్ మొత్తం పోతే రెండు కాపీలు పోతాయి, మిగిలిన నాలుగింటితో రాతలు సాగుతాయి. జోన్‌తో పాటు మరొక కాపీ కూడా పోతే రాతలు ఆగినా, మిగిలిన మూడింటితో చదివి, పోయిన కాపీని తిరిగి కట్టుకోవచ్చు. మీ మూడు కాపీల్లో రెండు ఒకే నగరంలో ఉన్నాయి. ఆ రెండింటికీ ఒకే టెలికాం సంస్థ ఫైబర్ వస్తున్నట్లయితే, ఓట్లు ఎలా పంచినా ఆ ఫైబర్ తెగిన రోజున అవి రెండూ కలిసే పోతాయి.

అడిగినవారి స్పందన: గిడ్డంగి_గణకుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రీడ్ రిపేర్‌కు సంబంధించిన అమరిక మా వద్ద నిజంగానే ఆపివేసి ఉన్నది, లాగ్‌లను మళ్లీ వరుసలో పెట్టి చూస్తే సంఘటన జరిగిన క్రమం కూడా పాత_లాగ్‌ఫైల్ గారు చెప్పినట్లే ఉన్నది. దీని నుంచి మరో రెండు సందేహాలు కలిగాయి. కార్యాలయంలోని సర్వర్ పాతబడింది. దానిని తీసివేసి, డేటా సెంటర్, విజయవాడ రెండు కాపీలతో సరిపెట్టుకోవచ్చునా? రెండవది, లింకు తెగినప్పుడు విజయవాడ సిబ్బంది చేతులు కట్టుకుని కూర్చోవలసి రావడం వారికి చాలా ఇబ్బందిగా ఉన్నది. అందుబాటులో ఉన్న ఏదో ఒక సర్వర్ తాత్కాలికంగా ఓటు వేసి, తరువాత అసలు కాపీకి అప్పగించే పద్ధతి ఉన్నదని విన్నాను. అది మాకు పనికివస్తుందా?

సమాధానం: సాక్షి_నోడ్

రెండు కాపీలు, మెజారిటీ ఓటు అన్న కలయిక ఒక్క కాపీ కంటే అధ్వాన్నం. రెండింటిలో సగానికి మించి అంటే రెండూ కావాలి. ఒక్కో సర్వర్ నూటికి 95 వంతుల కాలం పనిచేస్తుందనీ, వాటి వైఫల్యాలకు ఒకదానితో మరొకదానికి సంబంధం లేదనీ అనుకుంటే, ఒక్క కాపీతో రాతలు 95 శాతం కాలం నడుస్తాయి, రెండు కాపీలతో 90.25 శాతమే నడుస్తాయి. మూడు కాపీల మెజారిటీతో అది దాదాపు 99.3 శాతానికి, అయిదింటితో దాదాపు 99.9 శాతానికి చేరుతుంది. రెండవ కాపీ డేటాను పోగొట్టుకోకుండా కాపాడుతుందే తప్ప పనిని నడిపించదు.

అయితే మూడవ ఓటుకు మూడవ పూర్తి కాపీ అవసరం లేదు. డేటా లేకుండా వెర్షన్ నంబరు మాత్రమే ఉంచుకుని ఓటు వేసే సాక్షి అన్న ఆలోచనను పారీస్ 1986లో ప్రతిపాదించారు. గూగుల్ వారి స్పానర్ డేటాబేస్‌లో కూడా డేటా మొత్తాన్ని ఉంచుకోకుండా రాతలకు ఓటు వేసే సాక్షి రెప్లికాలు ఉన్నాయి. ఒక చిన్న యంత్రం చాలు. వీలైతే దానిని హైదరాబాదు, విజయవాడ రెండూ కాని మూడవ చోట పెట్టండి, లేకపోతే కొండపల్లి_కోడర్ గారు చెప్పిన ఫైబర్ సమస్య మళ్లీ ఎదురవుతుంది.

సాక్షికి ఉన్న పరిమితిని మాత్రం ముందే తెలుసుకోవాలి. ఎనిమిదవ వెర్షన్ డేటా సెంటర్‌లోనూ సాక్షి వద్దా నమోదైంది, విజయవాడలో ఇంకా ఏడే ఉన్నది అనుకోండి. ఆ క్షణంలో డేటా సెంటర్ పోతే, విజయవాడకూ సాక్షికీ కలిపి రెండు ఓట్లు ఉంటాయి. కానీ ఎనిమిదవ వెర్షన్ ఒకటి ఉన్నదని సాక్షి చెబుతుంది, దానిలో ఏమున్నదో చెప్పలేదు. అప్పుడు డేటా సెంటర్ తిరిగి వచ్చేవరకు ఆగవలసిందే. ఇది లోపంగా కనిపించినా, నిజానికి ఆ ఆగడం వల్లనే పాత లెక్క మీద కొత్త జారీలు పడకుండా ఉంటాయి. మొంగోడీబీ అనే డేటాబేస్‌లోని ఆర్బిటర్‌ను దీనితో ఒకటిగా భావించకండి. అది ప్రైమరీని, అంటే రాతలను స్వీకరించే ప్రధాన సర్వర్‌ను, ఎన్నుకునేటప్పుడు ఓటు వేస్తుంది కానీ రాతలను అంగీకరించదు. అందువల్ల రెండు డేటా నోడ్లు, ఒక ఆర్బిటర్ ఉన్న ఏర్పాటులో ఒక డేటా నోడ్ పోతే, ప్రైమరీ ఉన్నా కూడా మెజారిటీ హామీ కోరిన రాతలకు ఆ హామీ అందదు.

ఇక తాత్కాలిక ఓటు సంగతి. మీరు విన్నది అమెజాన్ 2007లో వివరించిన డైనమో పద్ధతి. అసలు కాపీ అందకపోతే మరో సర్వర్ దాని బదులు రాతను తీసుకుని, ఎవరికి చేర్చాలో గుర్తు పెట్టుకుని, తరువాత అప్పగిస్తుంది. దీనిలో రీడ్ కోరం, రైట్ కోరం కలుస్తాయన్న హామీయే ఉండదు, ఎందుకంటే ఓటు వేసినవారు అసలు ఓటర్ల జాబితాలోనివారు కారు. కొనుగోలుదారు బుట్టలో వస్తువు చేర్చడం ఎప్పుడూ ఆగకూడదన్నది వారి అవసరం. రెండు రూపాంతరాలు ఏర్పడితే రెండింటినీ కలిపేస్తారు, తీసివేసిన వస్తువు అప్పుడప్పుడూ బుట్టలో మళ్లీ కనిపించినా దానిని భరించారు. మీ గిడ్డంగిలో మాత్రం ఉన్న 55 బస్తాలను హైదరాబాదువారు 40, విజయవాడవారు 30 అమ్మితే, లింకు తిరిగి వచ్చాక ఏ విలీన పద్ధతీ లేని 15 బస్తాలను పుట్టించలేదు.

విజయవాడ పని ఆగకూడదంటే ఓట్లను కాకుండా నిల్వను పంచండి. ప్యాట్రిక్ ఓనీల్ 1986లో ఎస్క్రో పేరుతో వివరించిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. లింకు బాగున్నప్పుడు, కోరంతో, షరతుతో కూడిన రాతగా, 55లో 35 హైదరాబాదు వాటా, 20 విజయవాడ వాటా అని నమోదు చేస్తారు. ఆ తరువాత ఎవరి వాటాలో వారు జారీ చేసుకోవడానికి ఎవరి ఓటూ అక్కర లేదు, ఎందుకంటే విజయవాడలో ఎంత తీసినా 20 దాటదు, హైదరాబాదులో ఎంత తీసినా 35 దాటదు, మొత్తం ఎన్నడూ సున్నాకు దిగువకు పోదు. వాటా అయిపోవచ్చినప్పుడు అవతలి వాటా నుంచి కొంత తెచ్చుకోవడానికి మాత్రమే లింకు, కోరం కావాలి. ఏ శాఖకు ఎంత వాటా అన్నది మీ జారీల పాత లెక్కలు చూసి నిర్ణయించుకోండి. వాటా పూర్తిగా నిండుకునే దాకా ఆగకుండా, సగానికి పడిపోగానే బదిలీ కోరేటట్లు పెడితే, లింకు తెగిన సమయంలో వాటా అయిపోయే సందర్భాలు తగ్గుతాయి. మొత్తం నిల్వ ఎంత అన్న ప్రశ్నకు మాత్రం లింకు లేనప్పుడు విజయవాడ తెర జవాబు చెప్పలేదు. ఆ సమయంలో అక్కడ తమ వాటా సంఖ్యను మాత్రమే చూపించి, మొత్తం నిల్వ గడిని ఖాళీగా ఉంచండి.